సెట్టి ముక్కు మీది చార

కడిగిన కుంచెనే శివకామి మళ్ళీ కడుగుతూ కూర్చుంది. గిన్నెలో నీళ్ళు ఎప్పుడో తేటపడ్డాయి. ఎదురుగా బల్ల మీద సగం రంగు పూసిన బొమ్మలు, ఇంకా ముఖాలు లేనివి, మా వంతు ఎప్పుడన్నట్టు వరస కట్టి ఉన్నాయి. నవరాత్రి ముంచుకొస్తోంది. మామూలు ఏడాదైతే ఈపాటికి ఆమెకు తల గోక్కునే తీరిక ఉండదు. ఈ ఏడాది కావలసినంత తీరిక. ఆ తీరికే ఆమెను ఒకచోట నిలవనీయడం లేదు.

కారణం ఒక వీడియో. నిమిషం కూడా నిండనిది.

మదురైలో మాసి వీధి వెనక సందులో గాజుల అంగడివాళ్ళంటే తెలుగు మాట్లాడే ఇళ్ళన్నిటికీ తెలుసు. ముందర గాజులు, వెనక గదిలో బొమ్మల పని. ఆ ఇంటికి కోడలుగా వచ్చి శివకామి నేర్చిన విద్య పాత కొలువు బొమ్మలకు రంగు మార్చడం. ఆ ఇళ్ళలో ఎవరూ బొమ్మను పారేయరు. కాల్చిన మట్టి కదా, రంగు పెచ్చులూడుతుంది, ముక్కు అరుగుతుంది, అటకెక్కిన ఎలుక దారిలో ఒక చెవి విరగ్గొట్టి పోతుంది. అలాంటివాటిని పాత చీరముక్కలో చుట్టి, ఆడి నెల, అంటే మన ఆషాఢం, దాటగానే తెచ్చి ఇస్తారు. శివకామి పెచ్చులు గీకి, చింతగింజల బంకలో సుద్ద కలిపి పూసి, ఆరాక రంగులు వేసి, అన్నిటికన్నా కడపట కన్ను దిద్దుతుంది. ముత్తవ్వ కాలపు బొమ్మ కొత్త పెళ్ళికూతురై ఇంటికి పోతుంది. తరతరాలుగా ఇదే తంతు. ఒక్కో బొమ్మ మీద ఎన్ని పొరలున్నాయో, ఏ పొర ఎవరిదో అడిగినవాళ్ళు లేరు.

అడగని మనుషుల మధ్యకు అడిగే పిల్ల ఒకతె వచ్చింది. పేరు మధుమిత. కోయంబత్తూరులో పత్తి వ్యాపారం చేసిన తెలుగు కుటుంబంలో పిల్ల. పాత బొమ్మల గురించి ఇన్‌స్టాలో ఒక పేజీ నడుపుతుంది. దాన్ని చూసేవాళ్ళు ఎంతమందంటే, శివకామి భర్త లక్ష్మణన్ ఆ అంకె చదవబోయి మధ్యలో వదిలేశాడు. ఒక ఉదయం ఇడ్లీ తింటూ ఆయనే ఫోన్ ఆమె ముందర పెట్టాడు. "ఇది చూడు. ఈ గౌరి మన వేలయప్పన్ వాళ్ళ ఇంటిది దానే, కాదా?"

వీడియోలో ఎడమ పక్కన గౌరి బొమ్మ ఉంది. పోయిన ఏడాది శివకామి రంగు వేసినదే. "చూశారా, రీపెయింట్ పేరు చెప్పి ఎలా పాడు చేశారో. ఇందులో ప్రాణం పోయింది" అంది ఆ పిల్ల. కుడి పక్కన బొజ్జ సెట్టి బొమ్మ ఉంది. పప్పు మూటల ముందు మఠం వేసుకుని కూర్చుని, కొనేవాడి వంక చూస్తూ ఉన్నాడు. "ఇది మా ముత్తవ్వది. ఎవరి చెయ్యీ పడని అసలు ముఖం, నూటయాభై ఏళ్ళ నాటిది. ఎడమ కనుబొమ చూడండి, బేరం నమ్మనట్టు ఎలా లేచిందో. ముక్కు మీద ఈ తెల్లటి చార చూడండి. దీపం వెలుగు పడ్డట్టు వేశాడు ఆ మహానుభావుడు. ఇలాంటి చెయ్యి ఇప్పుడు ఎక్కడుంది?"

ఆ చెయ్యి అప్పుడు శివకామి కంచంలో ఇడ్లీ ముక్కను చట్నీలో ముంచి అక్కడే ఆగిపోయి ఉంది.

సెట్టి ముఖాన్ని శివకామి చూడగానే గుర్తుపట్టింది. ఆ కనుబొమ తన పుట్టిన ఊరు కారమడైలో పెదనాన్నది. వేరుశనగకాయలు కొనడానికి వచ్చిన దళారీ ఏ ధర చెప్పినా ఆయన ఎడమ కనుబొమ అలాగే లేచేది. ఇక ముక్కు మీది చార సంగతి. దీపమూ లేదు, వెలుగూ లేదు. అది తుడిచిన మరక.

పెళ్ళయిన కొత్తలో జరిగింది ఇది. అప్పట్లో బొమ్మల పనికి పేరున్న మనిషి ఆమె అత్త సౌందరం. కోయంబత్తూరుకు కోడలిగా పోయిన ఒక పెద్దామె, మధుమిత ముత్తవ్వే ఆమె, పుట్టిల్లు ఈ సందే కాబట్టి సెట్టి బొమ్మను పప్పు డబ్బాలో పెట్టుకుని పోదనూరులో రైలెక్కి వచ్చింది. సౌందరం చేతిలో పెట్టి, "నీ చెయ్యి తప్ప వేరే చెయ్యి దీని మీద పడకూడదు" అని మాట తీసుకుని పోయింది. ఆ వారంలోనే మరుగుతున్న బంక సౌందరం కుడి చేతి మీద ఒలికింది. చెయ్యి బొబ్బలెక్కింది. ఇచ్చిన మాట మాటే, పండగ పండగే. వెనక గది తలుపు మూసి, కొత్త కోడలి చేతికి కుంచె ఇచ్చింది సౌందరం. శివకామి తన జన్మలో వేసిన మొదటి ముఖం అది. అంత బాగా వస్తుందని ఆమె అనుకోలేదు. అత్త కూడా అనుకోలేదని ఆ రోజు అత్త ఊపిరి చప్పుడుకే ఆమెకు తెలిసింది.

ఆ సంతోషంలోనే కొంప మునిగింది. శివకామి పుట్టింటి మగవాళ్ళు పెట్టే నామానికి పాదం ఉంటుంది. అంటే తెల్లటి నామం అడుగు కనుబొమల మధ్య ఆగకుండా ముక్కు మీదికి దిగుతుంది. అత్తింటివాళ్ళదీ, ఆ కోయంబత్తూరువాళ్ళదీ పాదం లేని నామం. చూసేవాళ్ళకు అది వేలి గోరంత తేడా. వాళ్ళలో వాళ్ళకు దాని మీద సంబంధాలు తప్పిపోయాయి, శివకామి సంబంధం ఎలాగో తప్పలేదంతే. పుట్టినప్పటినుంచీ చూసిన ముఖాల అలవాటుతో ఆమె కుంచె సర్రున సెట్టి ముక్కు మీదికి దిగింది. "అయ్యయ్యో, పాదం పెడితివే" అని సౌందరం తడిగుడ్డ తీసుకుని, అలవాటు లేని ఎడమ చేత్తో తుడిచేసింది. తడి మీద తుడిచినందుకు కింది రంగూ కాస్త లేచి, ముక్కు మీద పాలిపోయిన చార ఒకటి మిగిలింది. "ఇది నువ్వు చేసిండేదని ఎవురితోనూ చెప్పకు" అంది అత్త. శివకామి చెప్పలేదు. బొమ్మ కోయంబత్తూరు పోయింది. సౌందరం చేతి పనే పని అని అక్కడినుంచి మెచ్చుకోలు వచ్చింది. సౌందరం దాన్ని కాదనలేదు.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇక్కడ కుండకు బదులు ముఖం, అంతే తేడా.

వీడియో వచ్చిన రెండో రోజునుంచి ఇళ్ళవాళ్ళు రావడం మొదలైంది. బొమ్మలు ఇవ్వడానికి కాదు, తీసుకుపోవడానికి. "ఇట్లనే ఉండనీ అక్కా, పాతదిగా ఉంటేనే వేల్యూ అంట" అని ఒకామె నవ్వుతూ చెప్పింది. ఆమె వినాయకుడికి తొండం సగం లేదు. ఇంకొకామె ముఖం చూడలేక మనవడిని పంపింది. వేలయప్పన్ భార్య మాత్రం వచ్చి, గౌరిని వీడియోలో చూపించినందుకు తనకే ఏదో అవమానం జరిగినట్టు గుమ్మంలోనే నిలబడి మాట్లాడి పోయింది. శివకామి లోపలికీ బయటికీ తిరిగింది. కూరలో ఉప్పు వేసిందో లేదో మరిచి మళ్ళీ వేసింది. కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు అని లక్ష్మణన్ అడిగితే ఆయన మీద విరుచుకుపడింది. ఆ ఫోన్ తీసుకుని వీడియో మళ్ళీ పెట్టేది. గౌరిని చూసి కుంగేది, సెట్టిని చూసి పొంగేది, రెండూ తనవే అని గుర్తొచ్చి కోపం వచ్చేది. తిట్టించుకున్నదీ ఆమె చెయ్యే, పొగిడించుకున్నదీ ఆమె చెయ్యే. తిట్టుకు మాత్రం చిరునామా ఉంది.

చెప్పాలి. చెబితే ఏమవుతుంది? అంగడి మాట ఇచ్చి తప్పిందని అవుతుంది. చూపు మసకబారి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉండే అత్త పేరు పోతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. అయినా కడుపులో ఉన్నది ఊరుకోవడం లేదు.

ఒక మధ్యాహ్నం అన్నం పెట్టి అత్త పక్కన కూర్చుంది. "అత్తా, ఆ కోయంబత్తూరు సెట్టి బొమ్మ గుర్తుండాదా మీకు?"

"ఏ సెట్టి? ఎన్ని సెట్టి బొమ్మలు చూస్తిమి" అంది సౌందరం. తొంభైకి దగ్గరపడ్డ ఆమెకు వెలుతురూ నీడా తప్ప కనబడదు గానీ, జ్ఞాపకం మాత్రం ఇనప్పెట్టె.

"మీ చెయ్యి కాలినప్పుడు నేను ముఖం వేసిండేది."

సౌందరం మజ్జిగ గ్లాసు కోసం చెయ్యి చాచింది. "కాలింది ఏ ఏడాదో. కొంజం ఉప్పు వెయ్యి దీంట్లో" అంది. ఆ మాట అక్కడితో తెగిపోయింది.

శివకామికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో ఈ మనిషి తన పనిని ఒక్కసారి బాగుందని అనలేదు. బాగాలేనప్పుడు మాత్రం చెప్పేది. ఏమీ అనకపోతే బాగున్నట్టని శివకామి తనే నేర్చుకుంది. ఇప్పుడు ప్రపంచమంతా ఆ ముఖాన్ని బాగుందంటుంటే కూడా ఈమె ఉప్పు అడుగుతోంది. సాయంత్రానికి శివకామి ఫోన్ తీసుకుని మధుమితకు మాటలు రికార్డు చేసి పంపింది. తెలుగు రాయడం ఆమెకు రాదు, బడి చదువంతా అరవంలో. కోపంలో అరవం కూడా రాలేదు. ఇంట్లో మాటే వచ్చింది. "నేను మదురైనుంచి శివకామి. నువ్వు చెడగొట్టిండారంటివే, ఆ గౌరి నేను చేసిండేది. నువ్వు మెచ్చుకుంటివే, ఆ సెట్టి కూడా నేనే చేసిండేది. కావాలంటే బొమ్మ ఎత్తుకొని రా."

జవాబు కూడా మాటల్లోనే, వెంటనే వచ్చింది. "ఆంటీ, మీరూ మన తెలుగేనా? వస్తా. మా ముత్తవ్వ చెప్పే సౌందరం అవ్వ ఉండారా ఇంకా? అవ్వనూ చూడాల. లైవ్ పెడదాం, అందరి ఎదర్నే మాట్లాడదాం."

అందరి ఎదర్నే అన్న మాట దగ్గర శివకామి ఫోన్ ఆపి, మళ్ళీ పెట్టి వింది. పిల్ల వచ్చేదాకా ఆమె రోజూ వాకిలి చూసింది. రాకపోతే బాగుండునని ఒకసారి, ఇంకా రాలేదేమని ఒకసారి.

మధుమిత ఒక ఉదయం వచ్చింది. శివకామి ఊహించుకున్న పొగరుబోతు కాదు. చెప్పులు వాకిట్లోనే వదిలి, సౌందరం కాళ్ళకు దండం పెట్టి, మధ్యలో అరవం కలుస్తున్న తెలుగులో తడబడుతూ మాట్లాడే పిల్ల. సెట్టిని ఇప్పటికీ పప్పు డబ్బాలోనే తెచ్చింది. బల్ల మీద పెడుతూ, "మా ముత్తవ్వ దీన్ని నాకు చూపించి చెప్పేది. ఈ సెట్టిని సౌందరం తప్ప ఎవురూ ముట్టుకోలేదు అని. అవ్వ అప్పుడు కడిగి, ఉన్న రంగు మీదే మెరుగు పెట్టిండారంట, దానే అవ్వా?" అంది. ఫోన్‌ను స్టాండుకు తగిలించి లైవ్ మొదలుపెట్టింది. చూసేవాళ్ళ అంకె పైకి పోతూనే ఉంది.

శివకామి సెట్టి దగ్గరకు వంగింది. పెదనాన్న పోయి చాలా ఏళ్ళైంది, ఆయన ఫోటో కూడా ఇంట్లో లేదు. ఇన్నాళ్ళూ కోయంబత్తూరులో ఎవరి కొలువులోనో ఆయన పప్పు అమ్ముతూ కూర్చున్నాడు. "ఈ ముఖం నేను వేసిండేది" అంది చివరికి. "ఈ ముక్కు మీద ఉండేది దీపం వెలుగు కాదు. నేను తప్పు పెడితే మా అత్త తుడిచిండేది."

మధుమిత ఫోన్ వంకా, ముసలామె వంకా చూసింది. "అవ్వా, ఆంటీ చెప్పేది నిజమేనా?"

సౌందరం ముఖంలో ఏమీ కదల్లేదు. "మీ ముత్తవ్వ నన్ను నమ్మి ఇచ్చింది. నేను కడిగి ఇస్తిని. వేరే ఎవురూ ముట్టుకోలే" అంది. గొంతు తొణకలేదు. వ్యాపారం చేసిన గొంతు అది.

శివకామికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవమానం, కోపం, వీటి కింద ఇంకేదో, అమ్మ కొట్టినప్పుడు పిల్లకు కలిగేలాంటిది. ఫోన్ తెరమీద అక్షరాలు జలజలా పారుతున్నాయి. వాటిలో నవ్వుతున్న ముఖాలు కొన్ని కనిపించాయి. మధుమిత ఇబ్బందిగా, "పరవాల్లేదు ఆంటీ, చానా ఏండ్లైంది కదా, మరిచిపోయి ఉంటారు" అంది.

శివకామి అరమీదనుంచి ముఖం లేని సెట్టి బొమ్మ ఒకటి తీసింది. కొత్తది, కుమ్మరి అళగర్‌సామి ఈ ఏడు కాల్చి ఇచ్చినది. సుద్ద పూత ఆరి ఉంది. కుంచె తీసుకుని పని మొదలుపెట్టింది. ఎవరో తరుముతున్నట్టు వేగంగా ముఖానికి పసుపు కలిసిన ఎరుపు పూసింది, బుగ్గల కింద నీడ దించింది, మీసం లాగింది. ఎడమ కనుబొమ దగ్గర కుంచె ఆగలేదు, ఇంత వయసొచ్చినా ఆగలేదు. అది పైకి లేచి నిలబడింది. పాత సెట్టి, కొత్త సెట్టి పక్కపక్కన కూర్చుని ఒకే అనుమానంతో లోకాన్ని చూస్తున్నారు, కొత్తవాడికింకా కళ్ళు లేవు అంతే.

"ఎంత బాగా కాపీ చేస్తిరి ఆంటీ" అంది మధుమిత. నిజంగానే మెచ్చుకుని అంది. దానికన్నా తిట్టినా బాగుండేది.

శివకామి పళ్ళు బిగించి కుంచెను నీళ్ళలో జాడించింది. తెల్లరంగు డబ్బా మూత తిప్పింది. ఆ మూత ఎప్పుడూ కీచుమంటుంది. ఆ గదిలో తెలుపు తీస్తే ఇక నామమే అని సౌందరానికి చూడకుండానే తెలుసు. సెట్టి ముఖం, కోడలి కుంచె, తెలుపు డబ్బా చప్పుడు. ముసలామె కుర్చీలో ముందుకు వంగి, "ఏమే శివకామీ, పాదం పెట్టకు. పోయినసారి మాదిరి ముక్కు మీదికి దించేవు. వాళ్ళది పాదం లేని నామం" అంది.

అన్నాక ఆమెకే వినబడింది.

ముందర అంగడిలో లక్ష్మణన్ ఎవరికో గాజులు తొడిగిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. మధుమిత పాత సెట్టిని చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో తిప్పింది. ముక్కు మీది తెల్లటి చార కనుబొమల మధ్య నామం అడుగునుంచి మొదలై, సరిగ్గా పాదం దిగవలసిన చోటికే దిగి ఉంది. ఆమె దాన్ని వేలితో తాకబోయి వెనక్కి తీసుకుంది. "తుడిచిన చారనా ఇది" అంది చిన్నగా. లైవ్ నడుస్తూ ఉందన్న సంగతే మరిచిపోయింది.

"మీ ముత్తవ్వకు మాట ఇస్తిని పాప్పా" అంది సౌందరం. ఈసారి గొంతు వ్యాపారానిది కాదు. "చెయ్యి కాలిపోయె. పండగ వచ్చె. ఈమె బాగా చేసె. నాకన్నా బాగా చేసె. అది ఎట్ల చెప్తును?"

శివకామి ఈ మాట కోసం ఇన్నేళ్ళు చెవులు చాచి ఉంది. వచ్చినప్పుడు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంతోషం వస్తుందనుకుంది, ముందు ఏడుపు వచ్చింది. భుజంతో ముఖం తుడుచుకుంది.

మధుమిత చేతులు జోడించినంత పని చేసింది. "ఆంటీ, ఆ వీడియో తీసేస్తా. ఇప్పుడే."

"తీయొద్దు" అంది శివకామి. "దాని కింద నా పేరు రాయి. సెట్టి కిందా రాయి, గౌరి కిందా రాయి."

"గౌరి కింద వద్దు ఆంటీ. అక్కడ నేను చెడ్డగా చెప్పిండాను."

"చెడింది కూడా నాదే దానే. నువ్వు చెప్పిండేది సగం నిజం. పోయిన ఏడు ఆ పెదాలు కొంజం లావు వచ్చె." ఆమె మళ్ళీ బొమ్మ వైపు తిరిగింది. తెలుపు కుంచె మీదే ఆరిపోయేలా ఉంది. మళ్ళీ ముంచి, సెట్టి నుదుటి మీద రెండు గీతలూ దించి, కనుబొమల మధ్య కలిపింది. కుంచె అక్కడ ఒక్క క్షణం నిలబడింది. తర్వాత కారమడై మగవాళ్ళ ముఖాల్లో ఎలా దిగుతుందో అలాగే, నిండుగా, ముక్కు మీదికి దిగింది.

చూపు లేకపోయినా సౌందరానికి ఆ గీత పొడవు చప్పుడులోనే తెలిసింది. "పెడితివా?" అంది.

"పెడితిని."

"ఎవురింటికే ఆ బొమ్మ?"

"మన కొలువుకే."

ఆ ఇంటి కొలువు మెట్ల మీద పాదం ఉన్న నామం ఇంతవరకు కూర్చోలేదు. సౌందరం చెయ్యి ఒళ్ళోని తుండుగుడ్డ మీదికి పోయింది. శివకామి చూసింది. ఆ గుడ్డ తడిదో పొడిదో కూడా చూసింది. ముసలామె దాన్ని మడిచి, మళ్ళీ మడిచి, మోకాలి కింద పెట్టుకుంది.

"ఆరనీ దాన్ని" అంది. "ఆరకముందే కన్ను దిద్దితే కారిపోతాది."